నరసాపురం వైపు లేసు కొట్టుకి వెళ్ళొచ్చాం

ఇవాళ్టిది ఇవాళే రాసుకోవాలి, రేపటికైతే సగం మర్చిపోతా, అందుకే కళ్ళు మూతలు పడుతున్నా కూర్చుని రాస్తున్నా.

పాలకొల్లులో పిన్ని వాళ్ళింట్లో ఉన్నాం అమ్మా నేనూ. మే నెలలో గోదావరి జిల్లాకి ఎవరైనా వెళ్తారా అని ఆఫీసులో అందరూ అడిగారు, నిజమే, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ దిగిన దగ్గర్నుంచి ఒకటే ఉక్కపోత, హైదరాబాద్ ఎండ మాడుస్తుంది ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది, అయినా ముంజలూ మామిడిపళ్ళూ ఉన్నప్పుడే కదా రావాల్సింది. పైగా ఈసారి నాకు వేరే పనుంది. లేసు అల్లే చోటికి వెళ్ళాలి. వచ్చిన దగ్గర్నుంచి పిన్నిని అదే అడుగుతున్నా, ఆవిడేమో "లేసు కావాలంటే నరసాపురం టౌన్లో పెద్ద పెద్ద షాపులున్నాయే, సీతారామపురంలో లేసు పార్కు ఉంది, పల్లెటూరు కొట్టుకి ఎందుకే ఈ ఎండలో" అంటుంది. నాకు కొనడం కంటే చూడటం ముఖ్యం, అల్లేవాళ్ళు కూర్చునే చోటు చూడాలి అన్నా. అప్పుడు ఒప్పుకుంది.

పొద్దున్నే టిఫిను కూడా సరిగ్గా తినకుండా బయల్దేరాం, ఎండెక్కకముందే చేరాలని. ఆటో కాలవ గట్టు మీద నుంచి పోతుంటే రెండు పక్కలా కొబ్బరి చెట్లు, ఆ వెనకాల ఒకప్పుడు వరి చేలుండే చోట ఇప్పుడు వరసగా చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ. అమ్మ అటే చూస్తూ "ఇదంతా చేనే కదే" అంటూనే ఉంది దారంతా. ఆవిడ పుట్టిపెరిగిన ఊరు ఇక్కడికి దగ్గరే.

కొట్టు అంటే బోర్డూ అద్దాలూ ఏమీ లేవు. పెంకుటింటి ముందు గది, గోడకి రెండు ఇనప బీరువాలు, ఒక చెక్క బల్ల, బల్ల మీద తక్కెడ. తక్కెడ ఎందుకా అనుకున్నా. ఇక్కడ దారం తూచి ఇస్తారు, అల్లిన లేసు తెచ్చినప్పుడు మళ్ళీ తూస్తారు, రెండూ సరిపోవాలి. కొట్టు నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి, మమ్మల్ని చూడగానే "రండి రండి, ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగుతారాండి" అని ముందు మజ్జిగ ఇచ్చి ఆ తర్వాతే ఏం కావాలని అడిగింది. పిన్ని మా గురించి చెప్తే "ఆయ్, అలాగాండి" అని నవ్వుతూ బీరువా తీసింది.

బీరువాలో పై అరల్లో చిన్న చిన్నవి, గ్లాసుల కింద వేసేవి, టేబుల్ మ్యాట్లు, కుషన్ కవర్లు, పిల్లల టోపీలు, ఆడపిల్లలు వేసుకునే టాపులు కూడా. కింది అరలోంచి తెల్లగుడ్డలో చుట్టిపెట్టిన మూట ఒకటి తీసి, మంచం మీద ఉన్నవన్నీ పక్కకి నెట్టి విప్పింది. డబుల్ కాట్ దుప్పటి. మొత్తం లేసే, గుడ్డ ముక్క ఎక్కడా లేదు. అరచేయంత గుండ్రటి పువ్వులు పక్కపక్కన వందల కొద్దీ, పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీల్లో చిన్న నక్షత్రాలు, చుట్టూ అలలు అలలుగా అంచు. తెలుపు కూడా కాదు, పాలమీగడ రంగు. నేను ముట్టుకోవడానికి కూడా ముందు చేతులు తుడుచుకున్నా.

ఇదంతా ఒక్కరే అల్లారా అని అడిగితే ఆవిడ లేదమ్మా అని చెప్పడం మొదలుపెట్టింది, అక్కడి నుంచి నాకు అసలు విషయం అర్థమవుతూ వచ్చింది. పువ్వులు అల్లేది చేతిపని. ఆ పువ్వుల్ని కలిపేది అతుకుపని. రెండూ వేరే వేరే వాళ్ళు చేస్తారు. చేతిపని వాళ్ళు ఇళ్ళలోనే కూర్చుని, వంటా పిల్లలూ అయ్యాక అల్లుకుంటారు, వాళ్ళ దగ్గర్నుంచి పువ్వులు పోగుచేసి అతుకు వాళ్ళకిస్తారు, అది అయ్యాక ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పెద్ద వ్యాపారులకి పంపిస్తారు, వాళ్ళు విదేశాలకి. అంటే ఒకే దుప్పటి మీద ఎంతమంది చేతులు పడ్డాయో కొట్టావిడక్కూడా లెక్క తెలీదు.

ఈ పని ఇక్కడ పుట్టింది కాదు. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట కూడా లేదు, కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యింది 1852లో. ఇప్పుడు పచ్చగా కనిపించే ఈ డెల్టా అప్పట్లో వానలు పడకపోతే కరువు, వరదొస్తే ముంపు. అలాంటి కాలంలో ఇంట్లోంచి కదలకుండా ఒక సూదీ ఒక దారపుండా పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు అంటే అది ఎంత పెద్ద సంగతో. ఎక్కడిదో విద్య, ఇక్కడికొచ్చి తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి దిగి దిగి మనదైపోయింది. క్రోషే అంటే ఇలా కొక్కెం సూదితో అల్లే పనే, 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది, ఇక వేరే చోట చేసింది ఏదైనా నరసాపురం లేసని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. నాకు ఆ వార్త చదివినప్పుడే ఇక్కడికి రావాలనిపించింది.

కొట్టావిడ నా ఉత్సాహం చూసి "అల్లేవాళ్ళని చూస్తారా" అని పక్కింటికి తీసుకెళ్ళింది. వేపచెట్టు నీడ పడే అరుగు, కరెంటు పోయింది కాబట్టి అందరూ బయటే ఉన్నారు. నలుగురు ఆడవాళ్ళు. ఒళ్ళో శుభ్రమైన గుడ్డ పరుచుకుని దాని మీద లేసు పెట్టుకున్నారు, మాసిపోతే కొట్టువాళ్ళు తీసుకోరు, ఈ చెమటలో అది ఎంత కష్టమో మధ్య మధ్యలో చెంగుతో వేళ్ళు తుడుచుకోవడం చూస్తే తెలుస్తోంది. వాళ్ళలో పెద్దావిడ పక్కన కూర్చున్నా నేను. ఆవిడ చేతులే చూస్తూ ఉండిపోయా. ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టు, దాని బిగువు ఆ వేలే చూసుకుంటుంది. కుడిచేతిలో స్టీలు సూది, పెన్సిల్ కంటే బాగా సన్నం, కొసన చిన్న కొక్కెం. ఆ కొక్కెంతో దారాన్ని పట్టి ఉచ్చులోంచి లాగడం, అంతే, లాగింది మళ్ళీ ఉచ్చు అవుతుంది, అలా గొలుసు, గొలుసు రెండు కొసలూ కలిపితే చిన్న సున్నా, ఆ సున్నాలోంచి రేకులు. చెప్పడానికి ఇంతే. ఆవిడ మాతో మాట్లాడుతూనే, వీధిలో పోయేవాళ్ళని పలకరిస్తూనే, సూది వైపు చూడకుండా ఒక పువ్వు పూర్తి చేసేసింది. మధ్యలో ఒకచోట మాత్రం ఆగి, వేలితో తడిమి, నాలుగు కుట్లు లాగేసి మళ్ళీ అల్లింది. నా కంటికి ఏ తేడా కనిపించలేదు. "ఒక కుట్టు తగ్గిందమ్మా, అతుకు దగ్గర లాగేస్తది" అంది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు, కొట్లో ఉన్న పెద్ద దుప్పటి చూశారా అని అడిగా. ఆవిడ చూళ్ళేదంది. "మాకెక్కడ కనపడతదమ్మా, పువ్వులిచ్చేత్తాం, డబ్బులు తెచ్చుకుంటాం." చిన్నప్పటి నుంచి అల్లుతోందట ఆవిడ, పదేళ్ళ పిల్లప్పుడు మొదలుపెట్టిందట, ఎన్ని వేల పువ్వులు అల్లి ఉంటుంది, అవన్నీ కలిపితే ఏమవుతుందో చూసింది మాత్రం చాలా తక్కువ. నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. కొట్టావిడ కూడా మంచిది, వెంటనే "రా అత్తా, చూద్దువుగాని" అంది. అందరం మళ్ళీ కొట్టుకి వచ్చాం, అరుగు మీద వాళ్ళందరూ కూడా లేచొచ్చేశారు.

ఆ పెద్దావిడ మంచం పక్కన నిలబడి దుప్పటి కాసేపు చూసి, వంగి, వేలితో ఒక వరస మీద నుంచి అలా అలా పోనిస్తూ "ఇయ్యి నాయే" అంది. ఇంకో మూలకి వెళ్ళి "ఇయ్యి కాదు, ఇయ్యెవరో ఒదులు చెయ్యి" అంది. అక్కడున్న చిన్నమ్మాయి నవ్వేసి "అది నేనే పెద్దమ్మా" అని ఒప్పుకుంది. నేను ముక్కు ఆనించి చూసినా రెండూ ఒకటే పువ్వు నాకు. కానీ వాళ్ళకి దారం బిగువు చూస్తే ఎవరి చెయ్యో తెలిసిపోతుంది. దుప్పటి మీద ఎవరి పేరూ లేదు, రేపు ఏ దేశంలో ఎవరి మంచం మీదకి పోయినా కంపెనీ లేబులే ఉంటుంది, కానీ ఆ అరుగు మీద వాళ్ళు చదవగలిగే సంతకాలు దాని నిండా ఉన్నాయి. నాకు ఇవాళ మొత్తంలో ఇదే గొప్ప సంగతి.

కూలి సంగతి కూడా అడిగా. రోజంతా కూర్చున్నా పొలం కూలి అంత రాదు, అది అందరూ చెప్పిన మాటే. మెషీన్ లేసు చవగ్గా దొరుకుతుంటే బేరం అక్కడే తగ్గుతుంది, అది తగ్గితే మధ్యలో ఉన్న ఒక్కొక్కరూ తమది తాము మిగుల్చుకుంటూ వస్తారు, చివరికి తగ్గేది సూది పట్టుకున్న చేతికే. మెషీన్ లేసు దూరం నుంచి ఇలాగే ఉంటుంది, దగ్గరగా చూస్తే అన్ని పువ్వులూ అచ్చుగుద్దినట్టు ఒకేలా, ఎవరి చెయ్యో చెప్పే బిగువు తేడా ఎక్కడా ఉండదు. నిజం క్రోషే కుట్టుని ఇప్పటికీ చేత్తోనే అల్లాలి. మరి చెయ్యి తప్ప వేరే దారి లేని పనికి ఆ చేతికే తక్కువ ఇవ్వడం ఏం న్యాయం? జీఐ ట్యాగ్ ఊరి పేరుని కాపాడుతుంది, చాలా సంతోషం, కానీ పువ్వుకి ఇంత అని రేటు కూడా కాపాడే ఏర్పాటు రావాలి. ఆ చిన్నమ్మాయి డిగ్రీ చదువుతోందట, సెలవుల్లో అల్లుతోంది, ఉద్యోగం వస్తే ఇది మానేస్తానంది. నేను మానకు అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అమ్మ సంగతి రాయాలి. నేను ఈ మాటల్లో ఉంటే అమ్మ ఎప్పుడు తీసుకుందో సూదీ దారం తీసుకుని కొట్టు గుమ్మంలో కూర్చుంది. పెళ్ళికి ముందు అమ్మమ్మతో కలిసి లేసు అల్లేదని నాకు తెలుసు గానీ ఎప్పుడూ చూళ్ళేదు, హైదరాబాద్‌లో మా ఇంట్లో అల్లిందే లేదు. మొదట్లో కాస్త తడబడింది, తర్వాత వేళ్ళకి గుర్తొచ్చేసినట్టుంది, గొలుసు అల్లి, కలిపి, రేకులు కూడా వేసేసింది. పెద్దావిడ పక్కన చేరి "ఆ, అదే అదే, ఇంకొక సుట్టు ఎయ్యండి" అంటూ ఉంటే అమ్మ చిన్నపిల్లలా తల ఊపుతోంది. తన కాలేజీ పుస్తకాలు లేసు డబ్బులతో కొనుక్కున్నానని అప్పుడు చెప్పింది, నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. ఏంటమ్మా చెప్పలేదు అంటే "అందరం అలాగే కొనుక్కునేవాళ్ళం, అందులో చెప్పేదేముంది" అంది.

మధ్యాహ్నం వాళ్ళే అన్నం పెట్టారు. మామిడికాయ పప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు. వద్దంటే ఊరుకునే మనుషులు కాదు ఇక్కడ.

కొన్నవి: రెండు కుషన్ కవర్లు, ఒక టేబుల్ క్లాత్, ఆ పెద్దావిడ నా కళ్ళ ముందు అల్లిన పువ్వు ఒకటి విడిగా. పిన్ని బేరం మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపా. దుప్పటి నేను కొనలేదు, అది ఎవరికో చెప్పి చేయించిందే. కానీ వచ్చే ఏడాది తమ్ముడి పెళ్ళికి అలాంటిదే ఒకటి కావాలని అడ్వాన్సు ఇచ్చేశా, రెండు షరతులు పెట్టి. ఒకటి, పువ్వులన్నీ ఆ అరుగు మీద వాళ్ళే అల్లాలి, ఎవరివి ఎన్నో పుస్తకంలో పేరుతో రాయాలి, అందుకు పువ్వుకి మామూలు రేటు మీద నేను వేసిచ్చేది నేరుగా వాళ్ళ చేతికే వెళ్ళాలి. రెండు, అతుకుపని అయ్యాక ఉతకడానికి పంపేముందు అరుగు మీద పరిచి వాళ్ళందరికీ చూపించాలి. కొట్టావిడ "అలాగేనమ్మా, పుస్తకంలో రాసి పెడతా" అంది, నిజంగానే అప్పటికప్పుడు నోటుబుక్కు తెచ్చి పెద్దావిడ పేరు మొదటి గీతలో రాసింది. సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా అవుతుందట. పిన్ని మధ్యలో వీలైనప్పుడల్లా వెళ్ళి చూసొస్తానంది, ఎవరి వరస ఎక్కడిదాకా వచ్చిందో నాకు ఫోన్లో చెప్తానంది.