మెరాపి కింద ఒక వరి ఊరు

సోలో నుంచి జోగ్జకర్తా వెళ్ళే పాత రోడ్డు మీద మూడో వంతు దూరం పోయాక దెలంగు అనే చిన్న పట్నం వస్తుంది. ఇండోనేషియాలో జావా దీవి మీద, క్లాతెన్ జిల్లాలో ఉంది. మధ్య జావాలో మంచి బియ్యం అనగానే చాలామంది నోట ముందు వచ్చే పేరు దెలంగే. మా మిల్లు సోలో వైపు ఉంది. నేను అద్దెకుండేది మాత్రం దెలంగు నుంచి లోపలికి, మెరాపి అగ్నిపర్వతం వైపు పోయే దారిలో ఉన్న ఒక ఊళ్ళో. స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ పని నాది. గుంటూరు దగ్గర నేర్చుకున్న పనే ఇక్కడా చేస్తున్నాను. జావా మిల్లుల్లో మన దేశం నుంచి వచ్చిన టెక్నీషియన్లు చాలామందే ఉన్నారు, ఎక్కువమంది పట్నాల్లోనే ఉంటారు. తెనాలి పక్క మాగాణిలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు వరి కనపడే చోట ఉండాలనిపించింది.

దూరం నుంచి చూస్తే ఇక్కడ ఊరు కనపడదు. వరి మధ్యలో ఒక తోపు కనపడుతుంది అంతే. కొబ్బరి, అరటి, పనస, వెదురు పొదలు, వాటి కింద పెంకుటిళ్ళు. కొత్త ఇళ్ళు చాలావరకు 2006 తర్వాత కట్టినవి. ఆ ఏడాది మే 27న తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో జోగ్జా చుట్టుపక్కల 5,700 మందికి పైగా చనిపోయారు. బంతుల్ జిల్లా తర్వాత బాగా దెబ్బతిన్నది క్లాతెనే. నాలుగేళ్ళకు, 2010లో మెరాపి పేలి మరో 350 మందికి పైగా పోయారు. పెద్దవాళ్ళు ఈ రెండు సంగతులూ మాట్లాడేటప్పుడు భూకంపం గురించే ఎక్కువ చెబుతారు. వాళ్ళకు కొండ మీద కోపం లేదు. నేల కొండ ఇచ్చిందే, నీళ్ళూ కొండ ఇచ్చినవే.

నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మెరాపి వాలు మీద పడిన వాన లోపలికి ఇంకి, కింద పొంగ్గొక్, చోక్రో లాంటి చోట్ల ఊటలుగా పైకి వస్తుంది. ఆ నీళ్ళు ఏడాదంతా ఆగవు. అందుకే ఈ చుట్టుపక్కల ఏడాదికి మూడు పంటలు వరే వేస్తారు. కాలవ ఎప్పుడొదులుతారా అని ఎదురుచూసే మా వైపు రైతుకు ఇది స్వర్గంలా అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒకరి మడిలో నాట్లు, పక్క మడిలో ఈనిక, ఆ పక్కన కోత ఒకేసారి నడుస్తుంటాయి. ఎలుకకూ, వరి దుబ్బుల రసం పీల్చే సుడిదోమకూ తిండి కరువన్నది లేదు. పొలమేమో ఒక్కొక్కరికి అర హెక్టారు కూడా ఉండదు, అంటే మన ఎకరం పావు. ఆ కాస్త చెక్కలో ఒక పంట దోమపోటుకు పోతే ఇంటి లెక్కంతా తారుమారవుతుంది. ఎలుకల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టి మనుషులే చనిపోయిన ఘటనలు సోలోకు అవతల స్రాగెన్ జిల్లాలో చాలా జరిగాయి. అడవి పందుల కోసం కట్టిన తీగలకు మన దగ్గర పోయిన ప్రాణాలు గుర్తొచ్చి, ఆ వార్త చదివిన ప్రతిసారీ కడుపులో దేవినట్టుంటుంది.

సుడిదోమ నుంచే జావా రైతు ప్రపంచానికి ఒక మంచి పని చేశాడు. మన తెలుగువాళ్ళకు ఇది తెలియాలని నా కోరిక. ఇండోనేషియా 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. ఆ వెనకే దోమ విరుచుకుపడింది. మందు కొట్టినకొద్దీ దోమను తినే సాలీళ్ళు చచ్చాయి, దోమ పెరిగింది. 1986లో సుహార్తో ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. నిషేధంతోనే ఆగలేదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో మధ్య జావాలో రైతులకు పొలంలోనే బడి పెట్టారు. పాతిక మంది దాకా రైతులు వారం వారం కలుస్తారు, దుబ్బులు విడదీసి పురుగులు లెక్కపెడతారు, ఏది మిత్ర పురుగు ఏది శత్రువు అని కాగితం మీద బొమ్మ గీస్తారు, మందు కొట్టాలా వద్దా తామే తేల్చుకుంటారు. అక్కడి నుంచి ఆ పద్ధతి ఆసియా అంతా పాకింది. మన వ్యవసాయ శాఖ వాళ్ళు ఊళ్ళల్లో నడిపిన పొలంబడి ఇదే. మా నాన్న దానికి వెళ్ళి, చార్టు మీద రంగు పెన్సిళ్ళతో సాలీడు బొమ్మ గీసి ఇంటికి తెచ్చాడు. ఆ బడికి పుట్టిల్లు నేను ఇప్పుడుంటున్న నేల అని తెలిసినప్పుడు చాలా సంతోషం వేసింది.

విత్తనాల్లోనూ అలాంటి బంధుత్వమే ఉంది. పశ్చిమ గోదావరిలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో పండించి చూపించిన ఐఆర్ 8 వరికి తల్లిదండ్రుల్లో ఒకటి తైవాన్ పొట్టి రకం, ఇంకోటి ‘పెతా’ అనే పొడుగు రకం. ఆ పెతాను తయారుచేసింది జావాలో, దాని పూర్వీకుల్లో ఒకటి బెంగాల్ నుంచి వచ్చిన లతిసైల్. ఐఆర్ 64 అనే ఇంకో రకాన్ని ఇక్కడి రైతులు 1986 నుంచి ఏళ్ళ తరబడి వేశారు. మారుటేరులో తయారైన మన 1010, అదే కాటన్‌దొర సన్నాలు, కృష్ణవేణి రకాన్ని ఐఆర్ 64తో కలిపి తీసిందే. మా పొలంలో ఎన్నో పంటలు అదే. నేను అద్దెకుండే ఇంటామెకు ఇది చెబితే, ‘అయితే మీ అన్నం, మా అన్నం అన్నదమ్ముల బిడ్డలన్నమాట’ అంది.

కార్తెల్లాంటి లెక్క వీళ్ళకూ ఉంది. ప్రణత మంగ్స అంటారు. ఏడాదిని పన్నెండు భాగాలు చేసి, ఎప్పుడు ఆకు రాలుతుంది, ఎప్పుడు ఏ పురుగు కూస్తుంది, ఎప్పుడు నారు పొయ్యాలి అని చెప్పే సూర్యమాన లెక్క. పాతకాలం నుంచీ ఉన్నదాన్ని సోలో రాజు ఏడో పకుబువొనొ 1855లో ఒక పద్ధతిలో పెట్టించాడు. దాని మొదటి భాగం జూన్ 22న మొదలవుతుంది, ఇంచుమించు మన ఆరుద్ర కార్తె మొదలయ్యే రోజే. మన దగ్గర అప్పుడు తొలకరి, ఇక్కడ ఎండాకాలం మొదలు. వానలు అక్టోబరు, నవంబరు వస్తేగానీ పట్టుకోవు. కోతకు ముందు వరి దేవత దేవి శ్రీకి నైవేద్యం పెట్టే ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. ఊరంతా ముస్లింలే. మసీదుకు వెళ్ళొచ్చి గట్టు మీద వరి తల్లికి పెట్టడంలో వాళ్ళకు ఏ ఇబ్బందీ కనపడలేదు, నాకూ కనపడదు.

నేను ఈ ఊళ్ళో దిగిన రోజే ఇంటి ఓనరు నన్ను పాక్ ఆర్‌టీ ఇంటికి తీసుకెళ్ళాడు. కొన్ని పదుల ఇళ్ళను కలిపి ఆర్‌టీ అంటారు, దానికి ఇరుగుపొరుగులోంచే ఒక పెద్ద, ఆయనే పాక్ ఆర్‌టీ. కొత్తగా ఎవరొచ్చినా 24 గంటల్లో ఆయనకు చెప్పాలని వీధి మొగలో బోర్డే ఉంటుంది. నివాస అనుమతి కార్డు, పాస్‌పోర్టు కాపీలు ఇచ్చాక, రాత్రి కాపలా వంతుల జాబితాలో నా పేరూ రాశాడు. షిఫ్టు డ్యూటీ ఉన్న వారం తప్పించి నేనూ వెళ్తాను. ప్రతి ఇంటి ముందూ చిన్న డబ్బా వేలాడుతుంది, అందులో పిడికెడు బియ్యమో కొంత చిల్లరో వేసి పెడతారు. కాపలా తిరిగేవాళ్ళు అవి పోగుచేస్తారు. దాన్ని జింపితన్ అంటారు. ఎవరింట్లో చావు జరిగినా, జబ్బు పడ్డా, వీధి దీపం మాడిపోయినా ఆ డబ్బే. నాకు జ్వరం వచ్చి పడుకున్న రోజుల్లో ఆ డబ్బులోంచే పళ్ళు కొని తెచ్చారు, నేను పరాయి దేశం వాణ్ణన్న తేడా చూపలేదు. మా ఊళ్ళో ఇంత చిన్న మొత్తంతో ఇంత పెద్ద ధైర్యం ఇచ్చే ఏర్పాటు లేదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

అంతా బాగుందనలేను. ఒకప్పుడు కోతకు ఊళ్ళో ఆడవాళ్ళంతా చిన్న కత్తులతో వచ్చి కంకులు కోసి, పంటలో వాటా తీసుకెళ్ళేవాళ్ళట. పొట్టి రకాలొచ్చాక కొడవళ్ళు వచ్చాయి. పంట చేలో ఉండగానే గుత్తకు కొని తన మనుషులతో కోయించుకునే వ్యాపారి వచ్చాడు, ఇప్పుడు యంత్రం వచ్చింది. సెంటు భూమి లేని ముసలమ్మలకు పరిగె ఏరుకోవడమే మిగిలింది. యంత్రం వెనక సంచి పట్టుకుని వంగి నడిచే వాళ్ళను చూస్తే బాధగా ఉంటుంది. 2024లో తెరిచిన టోల్ రోడ్డు మంచి మాగాణి మధ్య నుంచే పోయింది. పరిహారం వచ్చినవాళ్ళు కొందరు వేరే చోట పొలం కొన్నారు, కొందరి చేతిలో కారు మిగిలింది. 2025 మార్చిలో సుకోహర్జోలో చాలా పెద్ద బట్టల మిల్లు ఒకటి మూతపడి వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. అప్పటి నుంచి నాట్లలో మిల్లు యూనిఫారం చొక్కాలు కనపడుతున్నాయి. నాదీ మిల్లు బతుకే కాబట్టి ఆ టెన్షన్ నాకూ ఉంది.

కుర్రాళ్ళు పొలంలో ఉండటం లేదు. జపాన్, కొరియా, తైవాన్ వెళ్ళేందుకు భాష క్లాసులకు పోతున్నారు. మా ఇంటామె చెల్లెలి కొడుకు జపాన్ ప్రయత్నంలో ఉన్నాడు. పరాయి దేశంలో పని ఎలా ఉంటుందో చెప్పమని అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి కూర్చుంటాడు. తెలిసింది చెబుతాను. పాస్‌పోర్టు ఎవరు అడిగినా వదలొద్దు, కాపీ ఇవ్వు. ఒప్పందం నీ భాషలో చదివాకే సంతకం పెట్టు. మొదటి ఏడాది జీతాన్ని చూసి అప్పు చెయ్యొద్దు. అన్నిటికంటే ముందు, ఏజెంటు ఫీజు కోసం పొలం అమ్మొద్దు. ఇక్కడ పావు హెక్టారు ఒకసారి చెయ్యి జారితే మళ్ళీ కొనడం మిల్లు జీతంతో అయ్యే పని కాదు. వాళ్ళమ్మ, మేనమామ చాలా రాత్రులు మాట్లాడుకుని, చివరికి రెండేళ్ళకు కౌలుకిచ్చి ఆ డబ్బుతో ఖర్చు సర్దుకున్నారు. కౌలుకు తీసుకున్నది మేనమామే. ఈ పంటకు ఆయన శ్రీనుక్ వేశాడు. దెలంగుకు పేరు తెచ్చిన పాత రోజోలేలే రకం వాసన పోకుండా, అయిదు నెలల పంటను నాలుగు నెలలకు కుదించి తీసిన రకం అది.