యువరాణి దాచుకోలేనిది

రెండేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా ఒక కథ రాసుకుంటున్నాను. కొండల నడుమ ఒక రాజ్యం, దానికి వారసురాలైన పదమూడేళ్ల యువరాణి, ఆమెతో మనసు ముడిపడిన ఒక డ్రాగన్. మొదటి ఆరు అధ్యాయాలు పూర్తి చేసి మా తమ్ముడికి ఇస్తే, వాడు రెండు రోజుల తరువాత కాగితాలు నా చేతికిస్తూ, "అక్కా, ఈ డ్రాగన్ యుద్ధం వచ్చినప్పుడు తప్ప కనిపించదేం? మిగతా రోజుల్లో ఏం తింటుంది?" అని అడిగాడు. కాస్త చురుక్కుమన్న మాట నిజమే. కానీ ఆ రాత్రి కూర్చుని ఆరు అధ్యాయాలూ తిరగేస్తే, నేను రాసింది డ్రాగన్‌ను కాదనీ, రెక్కలు మొలిచిన ఒక ఫిరంగిని మాత్రమేననీ తేలిపోయింది.

అందువల్ల ముందు తిండి దగ్గరే మొదలుపెట్టాను. పులి ఆకలి మీద ఉంటే ఒక్క పూటలో నలభై కిలోల దాకా మాంసం తినగలదు. ఏనుగుకు రోజుకు నూట యాభై కిలోల మేత కావాలి. నా డ్రాగన్ ఏనుగంత ఉండి పులిలా మాంసమే తినే ప్రాణి కనుక, రాజ్యపు పద్దుల్లో దాని పేరిట పశువుల లెక్క వేరుగా రాయక తప్పలేదు. ఆ లెక్క రాయగానే మందలు పోగొట్టుకున్న కాపరులు కథలోకి వచ్చారు, వాళ్ల వెనకాలే ఫిర్యాదులు, పరిహారాలు, ఆ పరిహారంలో సగం మింగే ఠాణేదారు కూడా వచ్చాడు. ఎగరడం సంగతి మాత్రం మంత్రానికే వదిలేశాను. శరీరం పొడవు రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లవుతుంది గాని రెక్కల వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది. డైనోసార్ల కాలంలో బతికిన, ఎగిరే జీవుల్లో అతి పెద్దవాటిలో ఒకటైన క్వెట్జల్‌కోట్లస్ సైతం, రెక్కలు చాపితే పది మీటర్లున్నా, పావు టన్నుకు అటూ ఇటూగానే తూగేదని అంచనా. అంత లెక్క చూసుకుంటే నా కథ నేల విడిచి లేవదు.

పేరు విషయంలోనూ కొంత తర్జనభర్జన పడ్డాను. తెలుగు బైబిలులోని ప్రకటన గ్రంథంలో 'మహా ఘటసర్పము' అన్న గంభీరమైన మాట ఉంది. అయితే ఆ మాట వినగానే పాపమూ ప్రళయమూ గుర్తుకు వస్తాయే తప్ప, ఒక పిల్ల మెడ నిమిరి నిద్రపుచ్చే ప్రాణి గుర్తుకు రాదు. అందుకే డ్రాగన్ అనే ఉంచేశాను.

ఇక అసలు చిక్కు బంధం దగ్గర వచ్చింది. గుడ్డు పగిలిన వెంటనే కంట పడినవారితో పిల్ల జీవి ముడిపడిపోవడం చాలా కథల్లో కనిపిస్తుంది. 1930లలో కాన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త బాతు పిల్లల మీద చేసిన పరిశీలనల వల్ల ఇది ఊహ మాత్రమే కాదని మనకు తెలుసు. పుట్టిన తొలి గంటల్లో ఎదుట కదిలిందేదో దాని వెంటే అవి నడిచాయి. 1967లో ఆన్ మెకాఫ్రీ రాసిన 'వెయిర్ సెర్చ్' అనే నవలికలో, ఒక కోటకు వారసురాలైన యువతి, తాను అంతకాలం పగబట్టి సాధించదలచిన ఆ కోటను వేరొకరికి విడిచి వెళ్లి, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన డ్రాగన్‌తో అలాగే మనసు కలుపుకుంటుంది. అక్కడ ఆమెకు వెళ్లిపోయే దారి ఉంది. నా యువరాణికి ఆ దారి లేదు. సింహాసనం, డ్రాగన్ రెండూ ఆమె నెత్తినే ఉన్నాయి.

ఒక దశలో అలెగ్జాండర్ గుర్రం కథను ఆసరా చేసుకుందామని చూశాను. నాటి గ్రీకుల డబ్బు లెక్కలో పదమూడు టాలెంట్ల వెల చెప్పిన బ్యూసెఫలస్‌ను ఎవరూ లొంగదీయలేకపోతే, అది తన నీడను చూసి బెదురుతోందని బాలుడైన రాజకుమారుడు కనిపెట్టి, దాని తలను సూర్యుడి వైపు తిప్పి ఎక్కాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. క్రీస్తు పూర్వం 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడితో జరిగిన యుద్ధం తరువాత అది చనిపోతే, దాని పేరు మీద అలెగ్జాండర్ ఒక పట్టణమే కట్టించాడు. ఎంతో ముచ్చటైన కథ. కానీ ఎంత పెనవేసుకున్నా, ఆ గుర్రానికి యజమాని మనసులో ఏముందో తెలియదు. తెలిసి ఉంటే, అతడు నవ్వుతూ పలకరించే సేనాపతుల్లో ఎవరిని నమ్మడం లేదో అది ముందే కాలు దువ్వి చెప్పేసి ఉండేది. ఈ ఆలోచన తట్టాక నా కథ దారిలో పడింది.

ఎందుకంటే రాచబిడ్డకు ఊహ తెలిసినప్పటి నుంచి నేర్పేది కత్తిసాము కంటే ముందుగా ముఖం కదలకుండా ఉంచుకోవడం. శత్రువు ఎదుట భయాన్ని, మిత్రుడి ఎదుట అనుమానాన్ని, తండ్రి ఎదుట అలకను దాచుకోవాలి. అలాంటి పిల్ల మనసును పెరట్లో ఉన్న ఏనుగంత ప్రాణి ఒకటి ఎప్పటికప్పుడు తన ఒంటి మీద చూపించేస్తుంటే, ఆమె నేర్చిన విద్యంతా ఏమవుతుంది?

ఏడో అధ్యాయంలో పొరుగు రాజు పంపిన రాయబారి వచ్చి, కనుమ మీది సుంకం సగం తమకు వదిలితే స్నేహంగా ఉంటామంటాడు. యువరాణి గురువు చెప్పినట్లే చేతులు ఒళ్లో పెట్టుకుని, చిరునవ్వు చెదరకుండా, "పెద్దలతో ఆలోచించి చెబుతాము" అంటుంది. మాటలో తొణుకు లేదు. అదే క్షణంలో కిటికీ అవతలి ప్రాంగణంలో బండరాయి మీద గోళ్లు గీసుకున్న చప్పుడు, ఒకటి, ఆగి మరొకటి. రాయబారి చేతిలోని పాత్రను కింద పెట్టి, తల కొంచెం పక్కకు వంచి, ఆ చప్పుడు ఆగేదాకా వింటాడు. తరువాత యువరాణి ముఖం వంక చూడనైనా చూడకుండా, "జవాబు అందింది" అని లేచి నిలబడతాడు.

ఆ నాటి నుంచి సభలో ఎవరూ ఆమె కళ్లలోకి చూడరు. మంత్రి కిటికీ పక్కన ఒక కుర్రాడిని నిలబెట్టి, డ్రాగన్ తోక ఎటు ఊగిందో సైగ చేయమంటాడు. వర్తకులు ధర చెప్పి దాని ముక్కుపుటాల వంక చూస్తారు. డ్రాగన్‌ను మూడు కొండల అవతలికి పంపితే సరిపోతుందని ఎవరో సలహా ఇస్తారు గాని, దూరం పెరిగే కొద్దీ యువరాణి అన్నం ముట్టదు, అది రెక్క విప్పదు. ఈ భాగాన్ని నాలుగుసార్లు తిరగరాశాను. ఇప్పటికీ కొంచెం సాగదీసినట్లే అనిపిస్తోంది.

తండ్రి పాత్రను మొదట్లో మరీ తేలిగ్గా వదిలేశాను. ఆయనకు డ్రాగన్ ఎప్పుడూ లేదు. భార్య పోయాక కూతురిని పెంచడం చేతగాక రాచమర్యాదలను పెంచిన మనిషి. రోజూ ఉదయం కూతురు వచ్చి పాదాలకు నమస్కరించి, "తమరు సుఖంగా ఉన్నారా, నాన్నగారూ" అని అడుగుతుంది. ఆయన తల పంకిస్తాడు. పన్నెండో అధ్యాయంలో ఒక అర్ధరాత్రి ఆయన పరివారాన్ని వద్దని, దీపం తానే పట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, డ్రాగన్ పడుకునే కొట్టంలోకి వస్తాడు. దానికి కొంత దూరంలో గడ్డి మీదనే కూర్చుంటాడు. చాలాసేపు ఏమీ అనడు. చివరకు దీపాన్ని చేత్తో కాస్త మరుగు చేసి, "అమ్మాయికి నా మీద కోపమా?" అని అడుగుతాడు.

డ్రాగన్ ఒక కన్ను తెరిచింది. ప్రస్తుతానికి అక్కడి దాకే రాశాను.