ఫుట్‌నోట్‌లో దొరికిన ఆవిడ

ఎం.ఏ. ఇంగ్లీషులో రొమాంటిక్ కవులంటే (ప్రేమకవులని కాదు, ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దం చివర మొదలైన ఓ కవితా ఉద్యమం వాళ్లు) మాకు ఆరుగురే. ఆరుగురూ మగవాళ్లే. పరీక్ష రాశాం, పాసయ్యాం, మర్చిపోయాం.

నిన్న రాత్రి కరెంటు పోతే ఫోన్‌లో ఏదో చదువుతూ షార్లెట్ స్మిత్ అనే ఇంగ్లీషు కవయిత్రి దగ్గర ఆగిపోయాను. 1784. భర్త అప్పుల పాలై జైల్లో పడ్డాడు, ఆవిడా కొన్నాళ్లు ఆయనతో పాటు అక్కడే ఉంది. 12 మంది పిల్లల తల్లి. ఆ టెన్షన్‌లోనే సొంత ఖర్చుతో ‘ఎలిజియాక్ సానెట్స్’ (విషాద సానెట్లు) అనే పుస్తకం అచ్చు వేయించింది. సానెట్ అంటే పద్నాలుగు లైన్ల పద్యం. ఎడిషన్ మీద ఎడిషన్ అమ్ముడుపోయింది. మూలపడ్డ సానెట్ మళ్లీ ఫ్యాషనైంది.

అందులో ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు. ససెక్స్ తీరంలో మిడిల్‌టన్ అనే ఊరు, చర్చి పక్కన సమాధులు. తుఫాను రాత్రి సముద్రం మీదికొచ్చి సమాధుల్ని తవ్విపోస్తుంది. గవ్వల మధ్య, నాచు మధ్య తెల్లటి ఎముకలు. ఆ హోరు వాళ్లకిక వినబడదు. ఒడ్డున నిలబడి ఈవిడ వాళ్లని చూసి అసూయపడుతుంది! చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

1791లో ఫ్రాన్స్ వెళ్తూ 21 ఏళ్ల వర్డ్స్‌వర్త్, మా ఆరుగురిలో ఒకడు, బ్రైటన్‌లో ఈవిడ్ని కలిశాడు. ఇంగ్లీషు కవిత్వం ఈమెకు ఎంతో రుణపడి ఉందని, దాన్ని ఎవరూ ఒప్పుకోరని, గుర్తూ పెట్టుకోరని పెద్దయ్యాక ఆయనే రాశాడు. అదీ ఓ పద్యం కింద నోట్‌లో. పైన రాస్తే ఏం పోయేదో!

పొద్దున్నే అటక మీంచి నా పాత నోట్సు దించాను. సానెట్ పేజీలో 17వ శతాబ్దపు కవి మిల్టన్ తర్వాత నేరుగా వర్డ్స్‌వర్తే. మధ్యలో రెండు లైన్ల జాగా ఉంది. పెన్ను వెతుకుతున్నా.