పెళ్లయితే తగ్గిపోయే నొప్పి

అప్పుడు నాకు పదిహేనేళ్లు. రాత్రి రెండింటికి బాత్రూమ్ గచ్చు మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడున్నాను. అప్పటికి మూడు వాంతులయ్యాయి. చెవుల్లో హోరు, వేళ్లు చల్లబడిపోయాయి. బకెట్ మీద ఒక చీమ పాకుతోంది. అది అంచు చేరేలోపు ఈ నెలసరి నొప్పి తగ్గుతుందని నాతో నేనే పందెం కట్టాను. చీమ రెండుసార్లు ఎక్కి దిగింది. అమ్మ తలుపు కొట్టి, "ఏమే, పలకవే" అంది. ఆ గొంతులో వణుకు విన్నాకే నాకు నిజంగా భయమేసింది.

మర్నాడు డాక్టర్ నావైపు తలైనా తిప్పకుండా, "ఈ వయసులో మామూలేనండీ, పెళ్లయితే అదే తగ్గిపోతుంది" అంది. అమ్మ తలూపింది. ఆ డాక్టర్‌ని ఎప్పుడో మర్చిపోయేదాన్ని, అమ్మ తలూపడమే చాలాకాలం గుచ్చుకుంది.

ఆక్యుపంక్చర్‌కి పిన్ని తీసుకెళ్లింది. సూదులంటే నాకు హడల్. అక్కడ సూదులు వేసే ఆవిడ ముందు అరగంట ప్రశ్నలే అడిగారు. నొప్పి ఎన్నో రోజు మొదలవుతుంది? విరేచనానికి వెళ్లినప్పుడు ఉంటుందా? నెల మధ్యలోనూ వస్తుందా? అప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. "ముందు గైనకాలజిస్ట్‌కి చూపించుకుని రామ్మా" అని పంపేశారు కూడా.

స్కాన్‌లో ఏమీ లేదు. ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఎక్కువై గర్భాశయాన్ని గట్టిగా పిండేస్తాయని, నొప్పి మాత్ర మొదట్లోనే, ఏదైనా తిన్నాక వేసుకోవాలని ఈ డాక్టరమ్మ చెప్పారు. నేనేమో ఓర్చుకుని ఓర్చుకుని, ఇక పనికిరాని వేళ మింగేదాన్ని!

సూదులు వెంట్రుకంత సన్నం. చీలమండ లోపలివైపు, నాలుగు వేళ్లు పైన ఒకటి దిగితే కాల్లో ఏదో బరువుగా లాగినట్టుండేది. వారానికోసారి వెళ్లాను. మూడో నెలకి వాంతులు ఆగాయి.

సూదులు పనిచేశాయా, వేళకు పడ్డ మాత్రా అంటే చెప్పలేను. వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 42 అధ్యయనాలు చూసి 2016లో చేసిన సమీక్ష కూడా ఈ నొప్పికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు చాలవనే తేల్చింది. అయినా ఆవిడ హస్తవాసి మంచిదని నమ్ముతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మీ అమ్మాయికి మాత్రలు వాడినా మూడు నెలల్లో నొప్పి లొంగకపోతే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉందేమో డాక్టర్‌ని అడగండి. స్కాన్ బాగుంది కదాని వదిలేయొద్దు. సూదులు వేయిస్తే కొత్త ప్యాకెట్ మీ ఎదుటే విప్పమనండి.

మొన్న అమ్మ ఎవరితోనో ఫోన్‌లో అంటోంది: "మామూలే అనకు. ఎన్నో రోజు మొదలవుతోందో ముందు దాన్ని అడుగు." పక్క గదిలోంచి విన్నాను.