చిట్టితో రాజోలు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్

జర్మనీకి కుక్కను తీసుకెళ్ళాలంటే విమానం టిక్కెట్టు ఆఖర్న కొనాలి. అసలు పని అంతకు నాలుగైదు నెలల ముందే మొదలవుతుంది. మావారికి అక్కడ ఉద్యోగం ఖాయం కాగానే, మండే మే నెలలో చిట్టిని కారెక్కించుకుని రాజోలు నుంచి రాజమండ్రి బయల్దేరింది అందుకే.

చిట్టి నాటు కుక్క. అత్తవారి కొబ్బరితోటలో పుట్టి, మామయ్యగారి వెనకాలే గట్ల మీద తిరుగుతూ పెరిగింది. "ఊళ్ళో కుక్కకి అంత ఖర్చేంటమ్మా, అక్కడే ఇంకోదాన్ని పెంచుకోరాదా" అన్నారు పక్కింటి పిన్నిగారు. ఆవిడ మంచికే అన్నారు గానీ, నాకు మాత్రం ఇంట్లో మనిషిని వదిలేసి వెళ్ళమన్నట్టే వినిపించింది.

తాటిపాక మీదుగా వచ్చి, పి. గన్నవరం దగ్గర డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన అక్విడక్టు మీద గోదావరి పాయ వైనతేయ దాటాం. పైన కాలువ, కింద నది. కిటికీలోంచి ముక్కు బయటపెట్టి చిట్టి రెండింటి వాసనా పట్టింది. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు అడ్డం ఉంటే కాసేపు ఆగాం. రావులపాలెంలో హైవే ఎక్కి, గౌతమి వంతెన, జొన్నాడ, కడియపులంక నర్సరీలు దాటేసరికి పొద్దు బాగా ఎక్కింది.

"ముందు చిప్పు, తరవాతే సూది" అన్నారు రాజమండ్రి పశువుల డాక్టరుగారు, టీకాల కార్డు చూడకముందే. చిప్పంటే కుక్క నంబరు దాచిన చిన్న పరికరం. చిట్టికి ఏటా మా ఊరి పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయిస్తూనే ఉన్నాం. కానీ ఐరోపా యూనియన్ లెక్కలో చిప్పుకు ముందు వేసిన టీకా చెల్లదు. టీకా పడింది ఈ కుక్కకేనని చెప్పగలిగేది చిప్పు నంబరొక్కటే. ఐఎస్ఓ 11784, 11785 అనే అంతర్జాతీయ ప్రమాణాలకు సరిపోయే 15 అంకెల చిప్పును భుజాల మధ్య చర్మం కింద పెట్టి, స్కానరుతో నంబరు చదివి, పుస్తకంలో రాసి, ఆ తరవాతే అదే రోజు టీకా వేశారు. ఆ నంబరు ప్రతి కాగితం మీదా ఒకేలా ఉండాలి, ఒక్క అంకె తేడా వచ్చినా అక్కడ ఆపేస్తారని మా ఇద్దరి చేతా మళ్ళీ చదివించారు. అంత శ్రద్ధగల డాక్టరు దొరకడం మా అదృష్టం.

టీకా పడ్డాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి. అందులోంచి సీరం అనే పలుచని ద్రవాన్ని వేరు చేసి, చల్లగా ఉంచి, ఐరోపా యూనియన్ గుర్తించిన ల్యాబుకే పంపాలి. మామూలు ల్యాబు రిపోర్టు పనికిరాదు. రక్తంలో రేబిస్ యాంటీబాడీలు, అంటే టీకా వల్ల పుట్టే రక్షక పదార్థాలు, మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు గానీ, అంతకు మించి గానీ ఉండాలి. రిపోర్టు వచ్చింది కదా అని వెంటనే వెళ్ళడానికీ లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు నిండాలి. ఈ గడువును ఎవరూ తగ్గించలేరు. అందుకే ఉద్యోగం మాట రాగానే కుక్క సంగతి చూడండని తెలిసినవాళ్ళందరికీ చెబుతున్నాను.

ఈ పరీక్ష అన్ని దేశాల కుక్కలకూ లేదు. రేబిస్ అదుపులో ఉందని ఐరోపా జాబితాలో చేర్చిన దేశాలకు అక్కర్లేదు, అందులో మన దేశం లేదు. ఇది మనని చిన్నచూపు చూడటమేనని మావారి స్నేహితులొకరు బాధపడ్డారు. నేనలా అనుకోను. పిచ్చికుక్క తిరుగుతోందన్న కబురు వస్తే మా ఊళ్ళో పిల్లల్ని వీధిలోకి వదలరు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం. ఆ జబ్బును తమ గడప దాకా రానివ్వకూడదని ఒక దేశం అనుకుంటే తప్పేముంది? ప్రతి వీధి కుక్కకూ టీకా పడే రోజు మన దగ్గరా రావాలి.

ఆ మూడు నెలలూ మాకు వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట వినగానే లంకల్లో పశువుల్ని గట్టెక్కిస్తారు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుందని డాక్టరుగారు ఆ టీకా కూడా వేయించమన్నారు. జర్మనీ అడగలేదు, గోదావరి అడిగింది. వానల్లో పిడుదుల బెడద ఎక్కువ గనుక అత్తయ్యగారు రోజూ సాయంత్రం చెవుల వెనకా, వేళ్ళ మధ్యా వెతికి తీసేవారు.

ప్రయాణపు పెట్టెను వసారాలో పెట్టి అన్నం అందులోనే పెట్టాం. కుక్క అందులో తల తగలకుండా నిలబడాలి, వెనక్కి తిరగాలి, హాయిగా పడుకోవాలి. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా నియమం అదే. మత్తుమందు ఇవ్వవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు, గాల్లో ఊపిరికి ప్రమాదమట. కొన్నాళ్ళకు చిట్టి మధ్యాహ్నం నిద్రకు తనే పెట్టెలోకి వెళ్ళడం మొదలుపెట్టింది. అప్పుడు నా గుండె కుదుటపడింది.

చివరి ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చాక 10 రోజుల్లోగా ఐరోపాలో అడుగు పెట్టాలి. మేం దాన్ని హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయంలో తీసుకున్నాం. జర్మనీకైతే అది జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. అమ్మకానికి కాదు, మా వెంటే వస్తోందని మేం సంతకం చేసిన పత్రం దానికి జతచేశాం. హైదరాబాదుకు రైల్లో కుక్కను మన దగ్గరే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరనే ఉండాలి. గడువు నెత్తిమీద ఉండగా కూపే కోసం ఎదురుచూడటం ఇష్టంలేక కారులోనే వెళ్ళాం. బయల్దేరేటప్పుడు మామయ్యగారు ఏమీ మాట్లాడలేదు. పెట్టెలో తన పాత తువ్వాలు పరిచారు, అంతే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో అధికారి కాగితాలకంటే ముందు స్కానరు తీశారు. నంబరు చదివి, ధ్రువపత్రంతో పోల్చి, టీకా తేదీ, రక్తం తీసిన తేదీ వరసగా చూసి ముద్ర వేశారు. నెలల తరబడి చేసిన పని అక్కడ కొద్ది నిమిషాల్లో అయిపోయింది.

ఇప్పుడు నగరపాలక సంస్థలో చిట్టి పేరు రాయించి కుక్కపన్ను కడుతున్నాం. టీకా గడువు దాటకముందే బూస్టరు వేయిస్తూ ఉంటే ఆ రక్తపరీక్ష చిట్టి బతికినంత కాలం చెల్లుతుంది. సంక్రాంతికి రాజోలు తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తేవాలంటే ఆ రిపోర్టు భద్రంగా ఉంచుకోవాలి, పైగా మన దేశంలోకి తేవడానికి వేరే అనుమతి తీసుకోవాలి. ఆ కాగితాలు ఇప్పటినుంచే కూడబెడుతున్నాను.