ఇంపార్టెంట్స్ అడిగే నా విద్యార్థులకు

పరీక్షల టైంటేబుల్ రాగానే నాకు వినిపించే మొదటి మాట ఇదే: “మేడమ్, ఇంపార్టెంట్స్ చెప్పండి.”

నేను యూనివర్సిటీ పిల్లలకు ఇంగ్లీషు భాష, అమెరికన్ సంస్కృతి చెప్తాను. రెండూ వేర్వేరు పేపర్లు కాబట్టి వాళ్లు రెండు నోట్సులు పెడతారు. ఒకదాంట్లో టెన్సులు, ఆర్టికల్స్, ప్రిపోజిషన్లు. ఇంకోదాంట్లో 1776, 1787, 1865, 1920, 1964 అని సంవత్సరాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో ముక్క. ఆ రెండో నోట్సు చూసినప్పుడల్లా నాకు దిగులు వేస్తుంది. రాత్రుళ్లు మేలుకుని బట్టీపట్టిన ఆ సంవత్సరాలన్నీ ప్రశ్నపత్రంలో “ఎందుకు” అని ఒక్క మాట కనపడగానే పనికిరాకుండా పోతాయి. జ్ఞాపకశక్తి లేక కాదు. ఒక సంవత్సరానికీ ఇంకో సంవత్సరానికీ మధ్య ఏముందో వాళ్లకు ఎవరూ చూపించలేదు, అంతే.

అందుకే ఇంపార్టెంట్స్ అడిగిన వాళ్లకు నేను ఒక వాక్యం ఇస్తాను. 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోది: “ఆల్ మెన్ ఆర్ క్రియేటెడ్ ఈక్వల్.” మనుషులంతా సమానులుగా పుట్టారని. ఇంగ్లీషులో ఐదు మాటలు. ఈ వాక్యం ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో వరసగా చూడమంటాను. సిలబస్‌లో సగం దాని వెంటే వచ్చేస్తుంది, ఇంగ్లీషు పేపరుకు కావలసిన వ్యాకరణం కూడా చాలావరకు అక్కడే దొరుకుతుంది.

మొదట ఆ వాక్యం రాసిన మనిషి దగ్గర ఆగాలి. థామస్ జెఫర్సన్ ఈ మాట రాసే నాటికే బానిసల యజమాని. జీవితం మొత్తం మీద వందలమంది ఆయన కింద బానిసలుగా ఉన్నారు. ఇది చెప్పగానే క్లాసు రెండుగా చీలిపోతుంది. “అయితే ఆ వాక్యం అబద్ధమే కదా మేడమ్” అని కొందరు, “ఆ కాలం అలాంటిది” అని కొందరు. నేను తీర్పు చెప్పను. ఆ తర్వాత వచ్చిన వాళ్లు ఆ వాక్యాన్ని ఏం చేశారో చూద్దాం అంటాను.

1848 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో మహిళల హక్కుల సభ జరిగింది. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ముందుండి తయారుచేసిన ప్రకటనలో అదే వాక్యాన్ని తీసుకుని, పురుషుల పక్కన స్త్రీలను కూడా చేర్చారు. మిగతా వాక్యం అలాగే ఉంచారు. అది తెలిసే చేసిన పని. దేశం పవిత్రంగా చూసుకునే వాక్యం మీదే నిలబడి అడిగితే కాదనడం కష్టం. అంత అడిగినా, ఆడవాళ్ల ఓటుహక్కును రాజ్యాంగంలోకి తెచ్చిన 19వ సవరణ 1920లో గానీ రాలేదు. ఈ 72 ఏళ్ల దూరం పిల్లల చేతే లెక్క కట్టిస్తాను. తాము లెక్క కట్టిన సంఖ్యను వాళ్లు మర్చిపోవడం నేను చూడలేదు.

సెనెకా ఫాల్స్ ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో ఫ్రెడరిక్ డగ్లస్ ఉన్నాడు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి, పత్రిక నడిపి, దేశంలో గొప్ప వక్తగా పేరు తెచ్చుకున్నవాడు. 1852లో రోచెస్టర్‌లో స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగానికి పిలిస్తే జులై 4న కాకుండా 5న మాట్లాడాడు. ఆ ప్రసంగంలో నుంచి కొన్ని పేరాలు ఇచ్చి, సర్వనామాల కింద గీతలు గీయమంటాను. ఇది మీది, ఈ పండగ మీది, మీ స్వాతంత్ర్యం, మీ పితామహులు. “యువర్” అనే మాట పదేపదే తగులుతుంది. ఒక అమ్మాయి గీతలు గీస్తూ గీస్తూ మధ్యలో ఆగిపోయి, “ఆయన తనను లెక్కలో వేసుకోవడం లేదు మేడమ్” అంది. అదే జవాబు. సర్వనామాల పాఠమూ అయింది, బానిసత్వం మీద రాయాల్సిన వ్యాసానికి మొదటి పేరా కూడా అయింది.

ఇక లింకన్, ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నాటి అధ్యక్షుడు. నేను ఎక్కువ సమయం గడిపేది ఇక్కడే. పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో 1863 జులై మొదటి మూడు రోజులు ఆ యుద్ధంలో భాగంగా భయంకరమైన పోరు జరిగింది. నవంబర్ 19న అక్కడి సైనికుల శ్మశానవాటికను అంకితం చేసే సభ. ఆరోజు ప్రధాన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత లేచిన లింకన్ మాట్లాడింది రెండు మూడు నిమిషాలు, సుమారు 270 మాటలు. ఒక పేజీ కూడా నిండదు. అందుకే అది పరీక్షకు చదివే వాళ్లకు వరం.

మొదటి వాక్యంలో “ఫోర్ స్కోర్ అండ్ సెవెన్ ఇయర్స్” అంటాడు. స్కోర్ అంటే ఇరవై. నాలుగు ఇరవైలు ఎనభై, పైన ఏడు, మొత్తం 87. 1863లోంచి తీసేయమంటాను. 1776 వస్తుంది. అప్పుడు అడుగుతాను: దేశానికి రాజ్యాంగం రాసింది 1787లో, ఫిలడెల్ఫియాలో. ప్రభుత్వం దాని ప్రకారం మొదలైంది 1789లో. మరి దేశం పుట్టుకను లింకన్ 1776 నుంచి ఎందుకు లెక్కపెట్టాడు?

ఈ ప్రశ్న వేశాక నేను మాట్లాడకుండా కూర్చుంటాను. తొందరపడి జవాబు చెప్పేస్తే ఈ పాఠం మొత్తం పోతుంది. కాసేపటికి ఎవరో ఒకరు రాజ్యాంగం తెరుస్తారు. అందులో సీట్లు, పన్నులు లెక్కగట్టడానికి బానిసలను అయిదింట మూడు వంతులుగా లెక్కించే నిబంధన కనపడుతుంది. పారిపోయిన వాళ్లను తిరిగి అప్పగించాలన్న నిబంధన కనపడుతుంది. సమానత్వం గురించిన ఆ వాక్యం మాత్రం రాజ్యాంగంలో లేదు, 1776 ప్రకటనలోనే ఉంది. లింకన్ తన దేశం పుట్టినరోజుగా ఆ వాక్యం పుట్టిన సంవత్సరాన్ని ఎంచుకున్నాడు. అంతర్యుద్ధం దేనికోసమో కూడా దాంతోనే చెప్పేశాడు. ఇది అర్థమైన విద్యార్థికి 13వ సవరణ 1865, 14వది 1868, 15వది 1870 అని విడిగా బట్టీపట్టాల్సిన పని ఉండదు. బానిసత్వం రద్దు, పౌరసత్వం, జాతి కారణంగా ఓటు నిరాకరించకూడదన్న నియమం: యుద్ధం గెలిచాక ఆ వాక్యాన్ని రాజ్యాంగంలోకి తేవడానికి వేసిన మూడు అడుగులు అవి.

వందేళ్ల తర్వాత, 1963 ఆగస్టు 28న, నల్లజాతి పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి ప్రసంగం మొదట్లోనే “ఫైవ్ స్కోర్ ఇయర్స్ అగో” అన్నాడు. ఇది వినిపించగానే క్లాసులో ముఖాలు వెలుగుతాయి. ఎవరూ చెప్పకుండానే అయిదు ఇరవైలు వంద అని లెక్క వేసేసుకుని, 1863 అంటారు. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు స్వేచ్ఛ అన్న లింకన్ విమోచన ప్రకటన అమల్లోకి వచ్చిన సంవత్సరం. అక్కడి నుంచి కింగ్ స్వాతంత్ర్య ప్రకటనను ప్రామిసరీ నోటుతో పోల్చి, నల్లజాతి పౌరులకు దేశం ఇచ్చిన చెక్కు డబ్బులు లేవని వెనక్కి వచ్చిందంటాడు. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కుల చట్టం ఎందుకు కావలసి వచ్చాయో ఆ ఒక్క పోలికతో రాసేయొచ్చు.

పిల్లలు ఇంకా దగ్గరగా తీసుకునే మలుపు ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భారతీయ వలసదారు భగత్ సింగ్ థిండ్ పౌరసత్వం అడిగితే, 1923లో సుప్రీం కోర్టు ఆయన చట్టం చెప్పే “తెల్లవాడు” కాదని తేల్చింది. భారతీయులు అమెరికా పౌరులయ్యే హక్కు 1946లో వచ్చింది, అదీ ఏడాదికి వందమంది వలసదారుల కోటాతో. 1956లో భారత్‌లో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ కాలిఫోర్నియా నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పద్ధతిని 1965 వలస చట్టం తీసేసింది. వీసా ఇంటర్వ్యూల గురించే విని పెరిగిన పిల్లలు 1923 దగ్గర నిశ్శబ్దం అయిపోతారు. అప్పటిదాకా పరాయి కథగా చదివింది ఆ తర్వాత అలా చదవరు.

భాష పేపరు సంగతి. సంవత్సరం రాశాక “హ్యాజ్ బీన్ పాస్డ్” అని రాయడం నేను ఎక్కువగా దిద్దే తప్పు. ఏ సంవత్సరమో చెప్పేశాక సింపుల్ పాస్ట్ రావాలి: “వాజ్ పాస్డ్ ఇన్ 1964.” ఇది వ్యాకరణం పుస్తకంలో అభ్యాసాలు చేస్తే రాదు, చరిత్ర జవాబులు రాస్తూ దిద్దుకుంటేనే వస్తుంది. ఆర్టికల్స్ కూడా అంతే. ది సెనేట్, ది హౌస్, ది సుప్రీం కోర్ట్, ది సివిల్ వార్. కానీ కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ముందు మామూలుగా ‘ది’ ఉండదు. మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి చెవికి అలవాటయ్యేదాకా పైకి చదవడం తప్ప ఇంకో దారి నాకు తెలియదు.

వినే పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది “కెన్”, “కాంట్” దగ్గర. అమెరికన్లు మాట్లాడేటప్పుడు “కాంట్” చివరి ‘ట్’ చాలాసార్లు వినపడదు. దానికోసం చెవి రిక్కించి లాభం లేదు. అచ్చును వినాలి. చెయ్యగలను అన్నప్పుడు ఆ మాట నలిగిపోయి “కన్” లాగా చటుక్కున వెళ్లిపోతుంది, బరువంతా తర్వాతి క్రియ మీద పడుతుంది. చెయ్యలేను అన్నప్పుడు ఆ మాటే నిండుగా, గట్టిగా “క్యాన్” అని వినిపిస్తుంది. ఈ తేడా పట్టుకున్నాక పిల్లల టెన్షన్ సగం తగ్గుతుంది.

సీనియర్ల నోట్సు గురించి ఒక మాట. అది ప్రేమగా ఇచ్చిందే, కాదనను. కానీ అందులో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, సెలవులు పది అని ఉంటుంది. 2021లో జూన్‌టీన్త్ చేరాక అవి పదకొండు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసత్వం ముగిసిందన్న ఆజ్ఞను 1865 జూన్ 19న ప్రకటించారు, ఆ రోజు అది. అమెరికాకు జాతీయస్థాయిలో అధికార భాష లేదని కూడా ఆ నోట్సులో ఉంటుంది. 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించింది. దాన్ని కాంగ్రెస్ చట్టం చేయలేదు, అది ఉత్తర్వు మాత్రమే. ఆ తేడా కూడా రాస్తే జవాబు పూర్తవుతుంది.

అధ్యక్షుడిని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీ ఓట్ల లెక్క అంటే భయపడకండి. ప్రతినిధుల సభ 435, సెనేట్ 100, వాషింగ్టన్ డీసీకి 1961 నాటి 23వ సవరణ ఇచ్చిన 3. కలిపితే 538, గెలవడానికి సగం దాటాలి, అంటే 270.

మౌఖిక పరీక్షకు మాత్రం విడిగా తయారుచేస్తాను. అందులో పిల్లలు రెండు రకాలుగా మాట్లాడతారు: అమెరికా స్వర్గం అన్నట్టు, లేకపోతే అంతా మోసం అన్నట్టు. రెండిటికీ ఆధారం చూపించరు. అందుకని ఎవరితో ప్రాక్టీసు చేసినా ఒకటే అడుగుతాను. నీ అభిప్రాయం ఒక వాక్యంలో చెప్పు, దానికి ఒక పత్రం చూపించు, ఒక కాలం చెప్పు, ఆ తర్వాత దానికి ఎదురు పోయేది ఏదైనా ఉంటే అదీ నువ్వే చెప్పు. సిగ్గుపడే పిల్లలు కూడా ఈ నాలుగూ పట్టుకుని మూడు నిమిషాలు మాట్లాడగలరు.

సంవత్సరం గుర్తురాకపోతే ఏం చేయాలని అందరూ అడుగుతారు. గుర్తురాలేదని ఆగిపోకండి, ఊహించి తప్పు సంవత్సరం కూడా చెప్పకండి. మొన్న ప్రాక్టీసులో ఒక అబ్బాయికి నల్లవాళ్లను రైళ్లలో వేరుగా కూర్చోబెట్టడం చెల్లుతుందన్న ప్లెస్సీ కేసు తీర్పు వచ్చిన సంవత్సరం తట్టలేదు. కాసేపు ఆలోచించి, “రీకన్‌స్ట్రక్షన్ అనే అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం ముగిసిన తర్వాత, మొదటి ప్రపంచయుద్ధానికి చాలా ముందు; వేరుగా ఉంచినా సమానమే అన్న ఆ తీర్పును బడుల విషయంలో 1954లో బ్రౌన్ కేసు కొట్టేసింది” అని ఇంగ్లీషులో మెల్లగా, తప్పులేకుండా చెప్పాడు. 1896 అనే అంకె ఒక్కటే రాలేదు. నేనైతే ఆ జవాబుకు పూర్తి మార్కులు వేస్తాను.