మేయరు కుర్చీకి ముందు ముప్పై ఏళ్ళు

నారాయణగూడ మీదుగా వెళ్ళినప్పుడల్లా మాడపాటి హనుమంతరావు గారి పేరుతో ఉన్న బాలికల పాఠశాల వైపు ఒకసారి చూడకుండా ఉండలేను. హైదరాబాదు నగర తొలి మేయరు ఎవరన్న ప్రశ్నకు జవాబుగా పోటీ పరీక్షలకు చదివేవారందరికీ ఆయన పేరు కంఠస్థమే. అయితే 1951లో ఆ పదవిని చేపట్టేనాటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు. ఈ నగరానికి ఆయన చేసిన సేవలో పెద్ద భాగం అప్పటికే పూర్తయిందని నా అభిప్రాయం.

1885లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో పుట్టిన ఆయన, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని సూర్యాపేటలో మేనమామ ఇంట పెరిగారు. హనుమకొండలో గుమాస్తాగా కొంతకాలం పనిచేసి, తరువాత హైదరాబాదులో వకీలుగా స్థిరపడ్డారు. ఆయన ఉర్దూ, పారసీ భాషలను శ్రద్ధగా నేర్చుకున్నారు. తెలుగు కోసం పోరాడిన మనిషికి ఉర్దూ అంత బాగా రావడం వింతగా తోచవచ్చు గాని, సర్కారు కాగితాలన్నీ ఉర్దూలో నడిచే నిజాం రాజ్యంలో అర్జీ పెట్టాలన్నా, వచ్చిన జవాబులోని మెలికను పట్టుకోవాలన్నా ఆ భాషే ఆయుధం.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని పాఠశాల ఆవరణలో, స్త్రీ విద్యకు పాటుపడిన మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. ఇతర భాషల్లో సాగిన ఉపన్యాసాలను ఓపికగా విన్న సభికులు, అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోగానే అల్లరి చేసి, చప్పట్లు చరిచి ఆయనను సాగనివ్వలేదు. ఆ అవమానం పొందిన రాత్రే, పట్టుమని పదిపన్నెండు మంది టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూర్చొని ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు. ఆ కొద్దిమందిలో మాడపాటి వారు ఒకరు. త్వరలోనే సంఘ కార్యదర్శి బాధ్యత ఆయన మీద పడింది.

ఆ సంఘం పనుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వెట్టిచాకిరి మీద ప్రచురించిన చిన్న పుస్తకం. ఊరికి అధికారి వచ్చాడంటే చాకలి, కుమ్మరి, మాదిగ అందరూ కూలి లేకుండా చాకిరి చేయవలసిన రోజులవి. వెట్టిని నియంత్రిస్తూ ప్రభుత్వమే ఉత్తర్వులు ఇచ్చింది గాని, అవి పల్లె దాకా చేరేవి కావు. ఆ ఉత్తర్వులను తెలుగులో అచ్చు వేసి జనం చేతికి అందించడం వల్ల, "మీ సర్కారే వద్దంది కదా" అని అడిగేందుకు రైతుకు ఒక ఆధారం దొరికింది. ఇందులో ఆవేశం కనిపించదు, వకీలు బుద్ధి కనిపిస్తుంది.

1928లో మొదలైన తెలుగు బాలికల పాఠశాలదీ ఇదే తీరు. ఉర్దూ మాధ్యమం కాని ఆ బడికి ఇక్కడి విశ్వవిద్యాలయపు గుర్తింపు దొరకకపోతే, కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం సంపాదించారు. తెలుగు మాటకు చోటు దక్కని నాటి సభకు అధ్యక్షత వహించిన కర్వే గారి సంస్థే తెలుగు బడికి అండగా నిలవడం తలచుకుంటే నాకు ముచ్చటేస్తుంది.

ఆంధ్ర జన సంఘమే తరువాత ఆంధ్ర మహాసభగా ఎదిగింది; 1935లో సిరిసిల్లలో జరిగిన ఆ మహాసభకు ఆయన అధ్యక్షులయ్యారు. ఆ తరువాత వచ్చిన యువతరానికి ఆయన మితవాదం, అర్జీల పద్ధతి రుచించలేదు. 1944లో భువనగిరి మహాసభతో సంస్థ చీలిపోయింది. దొర గడీ ముందు నిలబడిన రైతుకు అర్జీ చాలదన్న వారి వాదనలో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కాని సభ పెట్టాలంటేనే ముందుగా అనుమతి తీసుకోవలసిన కాలంలో అర్జీ రాయడం చిన్న పని కాదు.

1951 నుంచి 1954 వరకు ఆయన మేయరుగా ఉన్నారు. సికింద్రాబాదుకు అప్పట్లో వేరే నగరపాలక సంస్థ ఉండేది; రెండూ ఒకటైంది 1960లో. మన నగరపాలక వ్యవస్థలో మేయరుకు గౌరవం ఎక్కువ, అధికారం తక్కువ. సంతకం విలువ కమిషనరుదే. ఒప్పించి పని జరిపించుకోవలసిన ఆ కుర్చీకి, ముప్పై ఏళ్ళు అదే పని చేసిన మనిషి దొరికారు.

1955లో పద్మభూషణ్ వచ్చింది. 1958 నుంచి ఆరేళ్ళు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షులుగా ఉన్నారు. సభలో మాట్లాడదలచి లేచినవారికి, వారిలో తెలుగులో మాట్లాడేవారికీ, అవకాశం ఇచ్చే స్థానం అది.